ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసరునంటూ ఫోన్లు: మన డెల్టాలో ఇంకెవరికైనా వచ్చాయా?

చెరువుగట్టు
అందరికీ నమస్తే అండి. మాది ఉండి దగ్గర పల్లెటూరు. మొన్న నాన్నగారికి ఫోన్ వచ్చింది, ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు విజయవాడ నుంచి అని. ముందు హిందీలో మొదలెట్టి, ఈయన తడబడేసరికి తెలుగువాడికి ఇచ్చాడట. పేరు, పాన్ నంబరు కరెక్టుగా చదివాడు. "పోయినేడాది పొలం అమ్మారు, కాగితం మీద చూపించిన రేటు వేరు, చేతికి తీసుకున్నది వేరు, ఇవాళ సాయంత్రం ఐదులోగా సెటిల్‌మెంటు కట్టకపోతే కేసు రాసేస్తాం" అన్నాడు. వాట్సాప్‌లో సింహాల ముద్ర ఉన్న పీడీఎఫ్ కూడా పంపాడు. ఆ టైములో మా చెరువు పట్టుబడి జరుగుతోంది, ఐస్ లారీ వచ్చేసిందని చెప్పి నాన్నగారు ఫోన్ పెట్టేశారు, అది మా అదృష్టం. డబ్బేమీ కట్టలేదు కానీ అప్పట్నుంచీ మనిషికి టెన్షన్, రాత్రుళ్ళు నిద్ర లేదు. పొలం అమ్మిన మాట నిజమే. వాడికి ఆ సంగతి ఎలా తెలిసింది? ఆ నోటీసు నిజమో అబద్ధమో తేల్చుకునేదెలా? ఒకవేళ నిజంగానే డిపార్ట్‌మెంటు వాళ్ళయితే ఏం చెయ్యాలి?

కురిడీ
ఆయ్, మాకూ వచ్చిందండి అంబాజీపేటలో. షాపులో మా గుమస్తా ఎత్తాడు. "మీ ఓనరు మీద నాన్ బెయిలబుల్ వారెంటు ఉంది" అంటే వీడు "ఆయన తోటకెళ్ళారండి, కొబ్బరి దింపు జరుగుతోంది, వారెంటు షాపులో ఇచ్చేసి వెళ్ళండి, నేను సంతకం పెట్టి తీసుకుంటాను" అన్నాడు. అవతలివాడు బూతులు తిట్టి పెట్టేశాడు. ఎందుకు తిట్టాడో మావాడికి ఇప్పటికీ అర్థం కాలేదు.

గోదారిగట్టు2
నాదొక మాట, ఎవరూ ఏమీ అనుకోవద్దు. లెక్క సరిగ్గా ఉన్నవాడికి భయమెందుకు? రిజిస్ట్రేషన్ ఒక రేటుకి, చేతికి ఇంకో రేటు, ఇది మన జిల్లాల్లో కొత్తా? ఆ దొంగకి తెలిసింది మీ నాన్నగారి సంగతి కాదు, మనందరి సంగతి. పొలం అమ్మిన పదిమందికి అదే డైలాగు చెప్తే సగం మందికి గుచ్చుకుంటుంది.

పద్దులపుస్తకం
పాలకొల్లులో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తానండి. ఇలాంటి పీడీఎఫ్‌లు పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చేవాళ్ళని చూస్తూనే ఉంటాం. గోదారిగట్టు గారి మాటలో సగం ఒప్పుకుంటాను, మిగతా సగం తర్వాత.

ముందు నోటీసు. 2019 అక్టోబరు 1 నుంచి ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు పంపే ప్రతి నోటీసు, ఆర్డరు, ఉత్తరం మీద డిన్ అని ఒక నంబరు ఉండాలి, అది వాళ్ళ కంప్యూటర్‌లో పుట్టే నంబరు. ఎప్పుడైనా అది లేకుండా ఇవ్వాల్సి వస్తే ఎందుకు ఇస్తున్నారో, పై అధికారి అనుమతి ఎప్పుడు తీసుకున్నారో ఆ కాగితంలోనే రాయాలి. ఈ-ఫైలింగ్ సైటు తెరిస్తే లాగిన్ కూడా అక్కర్లేకుండా క్విక్ లింక్స్ కింద 'ఆథెంటికేట్ నోటీస్ ఆర్డర్ ఇష్యూడ్ బై ఐటీడీ' అని కనిపిస్తుంది. అక్కడ డిన్, మీ మొబైల్ నంబరు కొడితే ఓటీపీ వస్తుంది, దాన్ని మీరే ఆ పేజీలో కొట్టాలి, ఫోన్లో ఎవడికీ చదివి వినిపించే పని లేదు. నోటీసు నిజమైతే అక్కడ దొరుకుతుంది. సైటు పేరు ఇన్‌కమ్‌టాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్. మీరే టైపు చెయ్యండి, పీడీఎఫ్‌లో ఉన్న లింకు మాత్రం నొక్కొద్దు. అసలు నాన్నగారి పాన్‌తో లాగిన్ అయితే పెండింగ్ యాక్షన్స్‌లో ఈ-ప్రొసీడింగ్స్ ఉంటుంది. ఆయన మీద నోటీసుంటే అక్కడ కనిపించాలి.

ఇక పొలం. పల్లెటూరి సాగుభూమి మున్సిపాలిటీకి తగినంత దూరంలో ఉంటే అమ్మిన లాభం క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మిన లాభం మీద పన్ను) లెక్కలోకే రాదు. జనాభా పదివేలు దాటి లక్ష లోపు ఉన్న మున్సిపాలిటీ అయితే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి పది లక్షల దాకా 6, ఆ పైన 8. భీమవరం లక్ష దాటింది కాబట్టి 6 చూసుకోండి, రోడ్డు మీద కాదు, గాల్లో తిన్నగా కొలిచే దూరం. అది చెరువు తవ్వేసిన భూమి అయితే కథ మారొచ్చు, దస్తావేజు తీసుకెళ్ళి మీ ఆడిటర్‌కి చూపించండి.

నగదు సంగతి దాచి లాభం లేదు. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆ పైన నగదు తీసుకుంటే తీసుకున్నంత మొత్తం పెనాల్టీ వెయ్యడానికి చట్టంలో వీలుంది. కానీ దానికి ముందు నోటీసు, జవాబుకి గడువు, విచారణ, ఆర్డరు, ఆర్డరు నచ్చకపోతే అప్పీలు, ఇవన్నీ నెలల తరబడి నడిచే కాగితాల పని. సాయంత్రం ఐదింటికి ఫోన్‌పేలో తేలిపోయే పని కానే కాదు. పన్ను కట్టాలన్నా ఈ-ఫైలింగ్ సైటులోని ఈ-పే టాక్స్ ద్వారా చలాను తీసి కడతాం, ఏ ఆఫీసరు సొంత అకౌంటుకీ యూపీఐకీ కట్టం.

చెరువుగట్టు
చాలా థాంక్స్ అండి. పీడీఎఫ్‌లో డిన్ అని పెద్ద నంబరే ఉంది. కొట్టి చూశాను, రికార్డు లేదంది. పోర్టల్‌లో లాగిన్ అయ్యి కూడా చూశాను, ఏ నోటీసూ లేదు. నాన్నగారికి చూపించాను, ఇప్పుడు ఆ దొంగ మీద కన్నా నా మీద కోపంగా ఉన్నారు, ఇది ముందే చూడొచ్చు కదా అని.

లంకగ్రామం
వాడికి ఎలా తెలిసింది అన్నదానికి. ఈసీ, అదే రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఎవరైనా తీసుకోవచ్చు కదండి, సర్వే నంబరు కొడితే అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, డాక్యుమెంటు విలువ అన్నీ అందులో ఉంటాయి. మనం సిమ్ముకి, లోనుకి, పథకాలకి, లాడ్జి రూముకి కూడా ఆధార్, పాన్ జిరాక్సులు ఇచ్చేసి వస్తాం. జిరాక్సు షాపుల్లో పాడైన కాపీలు పకోడీల పొట్లాలవడం నా కళ్ళతో చూశాను. పాన్ చదివాడంటే ఆఫీసరు అని కాదు, పాన్ దొరికినవాడు అని మాత్రమే.

పద్దులపుస్తకం
దానికి తోడు ఇంకోటి. 30 లక్షలు, ఆ పైన విలువున్న రిజిస్ట్రేషన్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచే ఇన్‌కమ్ టాక్స్‌కి వెళ్తాయి. సేవింగ్స్ అకౌంట్లో ఏడాదిలో 10 లక్షలు, ఆ పైన నగదు వేస్తే బ్యాంకు చెప్తుంది. ఇవన్నీ మీ ఏఐఎస్‌లో, అంటే డిపార్ట్‌మెంటు దగ్గరున్న మీ లావాదేవీల పట్టికలో, మీకే కనిపిస్తాయి. అంటే నిజమైన డిపార్ట్‌మెంటుకి మీ సంగతి తెలియాలంటే మీకు ఫోన్ చేసి గదమాయించే అవసరమే లేదు. అడగాలనుకుంటే మెయిలు, మెసేజీ పంపుతారు. ప్రభుత్వం మెసేజీలకి ఇప్పుడు పేరు చివర డ్యాషు పెట్టి జీ అక్షరం వస్తోంది, గమనించండి. అది ఒక ఆనవాలు మాత్రమే, దాన్నిబట్టి లింకులు నొక్కెయ్యకండి.

డల్లాస్‌లోరాజోలు
ఇక్కడ అమెరికాలో ఇది పాత పాట. ఐఆర్ఎస్ (ఇక్కడి టాక్స్ డిపార్ట్‌మెంటు) నుంచి అని ఫోన్ చేసి, టాక్స్ బాకీ ఉంది, పోలీసులు బయల్దేరారు, వీసా రద్దు చేస్తాం అంటారు, డబ్బు మాత్రం ఐట్యూన్స్ గిఫ్ట్ కార్డులు కొని వెనకున్న నంబర్లు చదవమంటారు. ప్రభుత్వం గిఫ్ట్ కార్డుల్లో పన్ను తీసుకోవడమేంటని ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, కొత్తగా దిగిన స్టూడెంటు కుర్రాళ్ళకి వీసా అన్న మాట వినగానే నోట మాట రాదు. ఐఆర్ఎస్ మామూలుగా ముందు పోస్టులో ఉత్తరం పంపుతుంది. తమాషా ఏంటంటే 2016 అక్టోబరులో మన దేశంలోనే ముంబై పక్కన మీరా రోడ్డులో కాల్ సెంటర్ల మీద థానే పోలీసులు దాడి చేస్తే, వందలమంది అక్కడ కూర్చుని అమెరికా వాళ్ళకి ఐఆర్ఎస్ ఆఫీసర్లమని ఫోన్లు చేస్తూ దొరికారు. అప్పట్లో తెల్లవాళ్ళని భయపెట్టడానికి రాసుకున్న స్క్రిప్టే ఇప్పుడు మనవాళ్ళకి తెలుగులో చదువుతున్నారు, ఏజెన్సీ పేరు మార్చుకుని.

గోదారిగట్టు2
అదే నేననేది. వీసా సరిగ్గా ఉన్నవాడు, లెక్క సరిగ్గా ఉన్నవాడు భయపడడు.

క్యాష్‌కౌంటర్
గోదారిగట్టు బాబూ, నీ మాట తప్పు. తణుకు వైపు ఒక బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, చూసింది చెప్తాను. మా బ్రాంచికి ఒక మేష్టారు వచ్చేవారు, రిటైర్డు హెడ్మాస్టరు. ఆయనకున్నది పెన్షను, పీఎఫ్ డబ్బుతో వేసిన డిపాజిట్లు, అంతే. ప్రతి ఏడాదీ రిటర్ను వేసే మనిషి. దాచుకోవడానికి ఏమీ లేదు. ఒకరోజు బ్యాంకు తెరుస్తూనే వచ్చి డిపాజిట్లన్నీ బ్రేక్ చేసి ఆర్‌టీజీఎస్ చెయ్యమన్నారు, ఎవరో ట్రేడర్స్ పేరు, ఉత్తరాది ఊరు. కౌంటర్లో అమ్మాయి "దేనికి మేష్టారూ ఇంత?" అంటే "అమ్మాయి పెళ్ళికి" అన్నారు. ఆయన కూతురి పెళ్ళి ఎప్పుడో అయిపోయింది, మనవడికి మైనర్ అకౌంటు తెరిచింది కూడా మా బ్రాంచిలోనే. చొక్కా జేబులో ఫోను, స్క్రీను వెలుగుతోంది, కాల్ నడుస్తోంది.

ఆ పిల్ల తెలివైంది. పాత వోచరు వెనకాల "ఎవరైనా బెదిరిస్తున్నారా? తల ఊపండి చాలు" అని రాసి జరిపింది. మేష్టారు చదివి, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఫారం ఇమ్మని మళ్ళీ అడిగారు. అంతగా బిగుసుకుపోయారు. మేనేజరు వచ్చి సర్వరు డౌనయింది, ఒక గంట పడుతుంది కూర్చోండి అని, పక్క గదిలోంచి కొడుక్కి ఫోన్ కొట్టాడు. సర్వరు డౌన్ అని చెప్పడం వల్ల కస్టమరుకి మేలు జరగడం నా సర్వీసులో అదొక్కసారే. పెరవలి నుంచి కొడుకు బండి మీద వచ్చేదాకా ఆయన మా మీద కోపంగానే ఉన్నారు, కంప్లయింటు రాస్తానన్నారు.

తర్వాత తెలిసింది, అంతకు ముందు రోజు నుంచీ వీడియో కాల్‌లో పెట్టారట. మీ పాన్ మీద ఎక్కడో కంపెనీ తెరిచి పన్ను ఎగ్గొట్టారు, ఇది డిజిటల్ అరెస్టు, కాల్ కట్ చెయ్యకూడదు, ఇంట్లోవాళ్ళకి చెప్తే వాళ్ళనీ నిందితుల్లో చేరుస్తాం అని. ఆయన్ని కదల్చలేనిది జైలు కాదు, "మీ పేరు, ఫోటో పేపర్లో వేయిస్తాం" అన్న మాట. మండలంలో సగం మందికి పాఠం చెప్పినాయన. తప్పు చేసినవాడికి భయం ఉంటుందన్నది నిజమే గానీ పరువున్నవాడికి అంతకన్నా ఎక్కువ ఉంటుంది. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఈ సంగతే చెప్పారు, ఆగు, ఆలోచించు, ఆ తర్వాత చర్య తీసుకో అని. ఇన్‌కమ్ టాక్స్ సోదా అంటే మనుషులు వారెంటు పట్టుకుని గుమ్మంలోకి వస్తారు, సాక్షుల్ని కూర్చోబెడతారు, పంచనామా రాస్తారు. స్కైపులో సోదా ఉండదు.

గోదారిగట్టు2
మేష్టారి సంగతి విన్నాక నా మాట వెనక్కి తీసుకోను గానీ కొంచెం తగ్గిస్తాను. :)

ముమ్మిడివరంఆడపడుచు
మా ఆయన మస్కట్‌లో ఉంటారు. మా వీధిలో ఇద్దరు ముగ్గురికి ఇలాంటి ఫోన్లే వచ్చాయి, కానీ వాళ్ళకి చెప్పేది వేరే. "మీ వారు గల్ఫ్ నుంచి పంపే డబ్బుకి టాక్స్ కట్టలేదు, ఆయన ఎయిర్‌పోర్టులో దిగగానే పట్టుకుంటారు" అని. ఇంట్లో మగదిక్కు ఉండదు, అత్తగారు పెద్దావిడ, ఎవర్ని అడగాలో తెలీదు. నిజంగా ఆ డబ్బుకి టాక్స్ ఉందా అండి?

పద్దులపుస్తకం
లేదమ్మా. భర్త అక్కడ సంపాదించి ఇంటి ఖర్చులకి భార్యకి పంపిన డబ్బు మీకు ఆదాయం కాదు. దగ్గరి బంధువులు ఇచ్చిందానికి పన్ను ఉండదు, ఎంత ఇచ్చినా. ఆ డబ్బుని డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం లెక్కలోకి వస్తుంది, ఆయన ఎన్నారై అయ్యుండి ఎన్‌ఆర్‌ఈ అకౌంటులో (ఎన్నారైలు బయటి సంపాదన వేసుకునే అకౌంటు) వేసుకుంటే ఆ వడ్డీకీ ఉండదు. మీ వీధిలో వాళ్ళకి ఇది చెప్పండి, డ్వాక్రా మీటింగులో అయితే ఒకేసారి అందరికీ తెలుస్తుంది.

ముమ్మిడివరంఆడపడుచు
చెప్తానండి. మేమైతే ఇప్పుడు ఒకటి పెట్టుకున్నాం. డబ్బు మాట ఎవరెత్తినా, పోలీసన్నా టాక్సన్నా, "మా వారిని అడిగి చెప్తాను" అని కట్ చేసి, మస్కట్‌కి ఫోన్ చెయ్యడం. అబద్ధపువాళ్ళకి ఎవరినైనా అడుగుతాం అంటేనే ఒళ్ళు మండిపోతుంది.

లేసుదారం
నర్సాపురం నుంచి. లేసు వ్యాపారం, చిన్నదే, జీఎస్టీ ఉంది. మాకు జీఎస్టీ ఇంటెలిజెన్స్ అని ఫోన్లు వస్తాయి, సమన్లు అని వాట్సాప్‌లో పంపుతారు. వీటికీ డిన్ ఉంటుంది. సెంట్రల్ వాళ్ళు 2019 నవంబరు నుంచి పెడుతున్నారు, సీబీఐసీ (కేంద్రంలో జీఎస్టీ, కస్టమ్స్ చూసే బోర్డు) సైటులో కొట్టి చూసుకోవచ్చు. రాష్ట్రం వాళ్ళ నోటీసులైతే జీఎస్టీ పోర్టల్ లాగిన్‌లో నోటీసెస్ అండ్ ఆర్డర్స్ కింద చూడండి. ఇక్కడ ఒక చిక్కుంది. మాలాంటి వాళ్ళకి నిజం నోటీసులు కూడా వస్తాయి. అందుకని అన్నీ దొంగవే అనుకుని పడేస్తే గడువు దాటిపోయి నిజంగానే పెనాల్టీ పడుతుంది. మా వదినగారికి అలాగే అయ్యింది. భయపడి కట్టెయ్యడమూ వద్దు, నవ్వి పడెయ్యడమూ వద్దు, పోర్టల్ చూసుకోవాలి.

పద్దులపుస్తకం
ఇది బాగా చెప్పారు. డిపార్ట్‌మెంటు అసలు ఫోనే చెయ్యదు అని కొందరు ప్రచారం చేస్తున్నారు, అదీ పూర్తి నిజం కాదు. పాత బాకీల విషయంలో కొన్నిసార్లు ఫోన్ చేస్తారు. చేసినా ఓటీపీ, పిన్ను, కార్డు నంబరు అడగరు, ఫోన్లో ఉండగానే డబ్బు పంపమనరు. మీరు పెట్టేసి పోర్టల్‌లో చూసుకుంటానంటే నిజం ఆఫీసరుకి అభ్యంతరం ఉండదు.

టెంకాయ_తమ్ముడు
కాల్ కన్నా ఇప్పుడు ఏపీకే ఫైళ్ళు ఎక్కువ అన్నయ్యా. 'ఇన్‌కమ్ టాక్స్ రీఫండ్', 'ట్రాఫిక్ చలాను', 'పీఎం కిసాన్' పేరుతో వాట్సాప్‌లో ఫైలు వస్తుంది. ఒక్కోసారి మనకి తెలిసినవాళ్ళ నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ళ ఫోన్లోకి ఆ ఫైలు అప్పటికే చొరబడింది. పేరు చివర డాట్ ఏపీకే అని ఉంటే అది కాగితం కాదు, యాప్. వేసుకుంటే మెసేజీలు చదివే పర్మిషన్ తీసుకుని ఓటీపీలు వాడికి పంపేస్తుంది. వేసుకున్నట్టు తెలిస్తే వెంటనే ఆ ఫోన్లో నెట్, వైఫై ఆపేసి, ఏరోప్లేన్ మోడ్ పెట్టేసి, ఇంకో ఫోన్‌తో బ్యాంకుకి చెప్పండి. స్టార్ 401 స్టార్ అని మొదలయ్యే నంబరు డయల్ చెయ్యమన్నా చెయ్యొద్దు, మీకొచ్చే కాల్స్ వాడికి మళ్ళిపోతాయి. రీఫండ్ అయితే మీరు రిటర్నులో ఇచ్చి ప్రీ వ్యాలిడేట్ చేసిన (పోర్టల్‌లో ముందే సరిచూపించిన) అకౌంటులో దానంతటదే పడుతుంది, దానికి ఏ యాప్ అక్కర్లేదు.

కురిడీ
మా నాన్నకి ఏపీకే అంటే చెప్పలేను. "వాట్సాప్‌లో వచ్చింది ఏదైనా నేను చూసేదాకా ముట్టుకోకు" అన్నాను. ఇప్పుడు గుడ్ మార్నింగ్ పువ్వు బొమ్మలు కూడా నాకు చూపించి గానీ తెరవట్లేదు.

లంకగ్రామం
డబ్బు పోయాక ఏం చెయ్యాలో కూడా ఎవరైనా రాయండి, జాగ్రత్తలు అందరూ చెప్తారు.

క్యాష్‌కౌంటర్
సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోన్. ఆలోచించొద్దు, బంధువులందరినీ సలహా అడగొద్దు, ముందు ఆ ఫోన్. డబ్బు వాడి అకౌంటులోకి వెళ్ళాక అక్కడి నుంచి గంటల్లో ఇంకో నాలుగు అకౌంట్లకి చీలిపోయి ఏటీఎంలో బయటికొచ్చేస్తుంది. 1930కి చెప్తే వాళ్ళ సిస్టం నుంచి ఆయా బ్యాంకులకి కబురు వెళ్ళి, ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ ఆ మొత్తాన్ని ఆపుతారు. లావాదేవీ నంబరు, టైము, ఏ అకౌంటు నుంచి వెళ్ళిందో దగ్గర పెట్టుకోండి. లైను కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో రాయండి. వాళ్ళిచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు జాగ్రత్త. తర్వాత మీ బ్యాంకులో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. ఇది ఎందుకంటే, 2017 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం ఓటీపీ మీరే చెప్పినా, బ్యాంకుకి తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. అంతకు ముందుది మాత్రం మీదే. మీ తప్పేమీ లేకుండా బయటివాళ్ళ వల్ల పోతే, మూడు పనిదినాల్లోపు చెప్తే మీ మీద నష్టం పడదు.

డబ్బు పోకపోయినా ఫోన్ వచ్చిందంటే టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైటులో చక్షు అని ఉంది, అందులో ఆ నంబరు రాయండి. చెరువుగట్టు గారూ, మీరూ రాయండి.

చెరువుగట్టు
రాశానండి. స్క్రీన్ షాట్, పీడీఎఫ్ రెండూ పెట్టాను.

ఆకివీడుబాబాయ్
ఈ చర్చ ఆలస్యంగా చూశాను. నాది తిరగేసిన కష్టం. నేను రొయ్యల కమీషన్ ఏజెంటుని. తెలియని పార్టీ నుంచి సరుకు తాలూకు డబ్బు పడింది, అది ఎక్కడో వేరే రాష్ట్రంలో ఎవరినో మోసం చేసిన డబ్బట, నా కరెంటు అకౌంటు హోల్డులో పెట్టారు. మేత కంపెనీకి చెక్కు వెనక్కొచ్చింది, రైతులు ఇంటి ముందు కూర్చుంటున్నారు. బ్యాంకుని అడిగితే మా చేతిలో లేదంటున్నారు.

క్యాష్‌కౌంటర్
బ్రాంచిలో రాతపూర్వకంగా అడుగు బాబాయ్, ఏ కంప్లయింటు నంబరు మీద ఆపారో, ఏ రాష్ట్రం ఏ స్టేషనో, ఎంత మొత్తమో. అది చెప్పాల్సిన బాధ్యత వాళ్ళకుంది. ఆ మొత్తానికి మాత్రమే హోల్డు పెట్టి మిగతా అకౌంటు వదలమని అడుగు, మొత్తం అకౌంటు ఆపి ఉంటే ముందు దాని గురించే పోట్లాడు. తర్వాత ఆ రోజు తూకం చీటీ, కౌంటు రాసిన బిల్లు, లారీ నంబరు, ఆ పార్టీతో వాట్సాప్ మాటలు అన్నీ కలిపి ఆ స్టేషనుకి మెయిలు చెయ్యి, కాపీ బ్యాంకుకి. సరుకు నిజంగా వెళ్ళిందని కాగితం ఉంటే వదిలించుకోవచ్చు. తెమలకపోతే వకీలు ద్వారా కోర్టులో పిటిషన్ వేస్తారు.

ఇక్కడ కుర్రాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఒకటి. నెలకింత ఇస్తాం నీ అకౌంటు, ఏటీఎం కార్డు, సిమ్ము ఇవ్వు అని అడిగేవాళ్ళు తిరుగుతున్నారు. మేష్టారి డబ్బు వెళ్ళాల్సింది అలాంటి అకౌంటుకే. పోలీసులు ముందు తలుపు కొట్టేది ఫోన్ చేసినవాడి ఇంటిది కాదు, అకౌంటు పేరున్నవాడి ఇంటిది.

ఆకివీడుబాబాయ్
తూకం చీటీలు ఉన్నాయి, లారీ డ్రైవరు కూడా మనవాడే. రేపు పొద్దున్నే బ్రాంచికి వెళ్తాను. పద్దులపుస్తకం గారూ, పాలకొల్లులో మీ ఆఫీసు ఎక్కడో పర్సనల్ మెసేజీ పెట్టండి.